లాటిన్‌లో పక్షి పేరు 'అవిస్': ఒక మాట పుట్టుకనూ అర్థాలనూ ఎలా వెతకాలి?

ఒక పాత మాట సంగతి తెలుసుకోవాలంటే నిఘంటువు తెరిచి, ఎదురుగా ఉన్న అర్థం చూసి మూసేస్తే సరిపోదు. పక్షుల పేర్ల విషయంలో ఇది మరీ నిజం. మనుషులు పక్షిని ఊరికే చూస్తూ కూర్చోలేదు. పెంచారు, వేటాడారు, తిన్నారు, దాని రాకపోకలను బట్టి యుద్ధానికి వెళ్లాలో వద్దో తేల్చుకున్నారు. ఆ పనులన్నిటి వెంటా మాట కూడా నడిచింది. అందుకే పక్షి మాటను వెతికేవాళ్లు దాని రెక్కల రంగు కంటే, మనుషులు దానితో ఏం చేశారన్నదే ముందు అడగాలని నా నమ్మకం.

ఇక్కడ ఒకే ఒక్క లాటిన్ మాట తీసుకుందాం: అవిస్. అర్థం 'పక్షి'. ఏవియేషన్, ఆస్పిషస్, ఆస్ట్రిచ్ అనే ఇంగ్లీషు మాటల్లో ఇది ఉంది. సంస్కృతంలో దీనికి తోబుట్టువు ఉంది. దీని కథ వెతికే పద్ధతి చేతికి వస్తే, మిగతా లాటిన్ పక్షి పేర్లకూ అదే దారి.

లాటిన్ రాకపోయినా ఫర్వాలేదు. లూయిస్, షార్ట్ అనే ఇద్దరు 1879లో తెచ్చిన లాటిన్–ఇంగ్లీషు నిఘంటువు, మోనియర్ విలియమ్స్ 1899 నాటి సంస్కృత నిఘంటువు రెండూ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఇంట్లో అమరకోశం ఉంటే దాన్ని కూడా దగ్గర పెట్టుకోండి. అవసరం పడుతుంది.

మొదటి అడుగు: రూపం, ఉచ్చారణ

నిఘంటువులో ముందుగా కనిపించేది ప్రథమా విభక్తి ఏకవచనం. మిగతా రూపాలు కూడా రాసుకోండి. పక్షిని అంటే 'అవెమ్', పక్షులు అంటే 'అవేస్', పక్షుల యొక్క అంటే 'అవియుమ్'. ఇది స్త్రీలింగ పదం. ఈ పని విసుగ్గా అనిపించినా మానకండి. లాటిన్ నుంచి పుట్టిన స్పానిష్, ఇటాలియన్ లాంటి భాషలకు మాటలు ఎక్కువగా ద్వితీయా విభక్తి రూపం నుంచే వెళ్లాయి. 'అవెమ్' తెలియకపోతే స్పానిష్ 'ఆవె' ఎలా వచ్చిందో అర్థం కాదు.

తర్వాత ఉచ్చారణ. పాత లాటిన్‌లో 'వ' ధ్వని పెదవులు గుండ్రంగా చుట్టి పలికేది, దాదాపు 'ఉ'కి దగ్గరగా ఉండేది. దీనికి ఒక చక్కని సాక్ష్యం ఉంది. క్రీ.పూ. 55లో క్రాస్సుస్ అనే రోమన్ నాయకుడు ఇరాన్ వైపు ఏలుతున్న పార్థియన్ల మీద యుద్ధానికి బ్రుందిసియుమ్ రేవులో సైన్యాన్ని ఓడలెక్కిస్తున్నాడు. అక్కడ ఒకడు కౌనుస్ ఊరి అత్తిపళ్లు అమ్ముతూ 'కౌనెయాస్' అని కేక వేశాడు. అది 'కవే నె ఎయాస్', అంటే 'జాగ్రత్త, వెళ్లకు' అన్న హెచ్చరిక అనీ, దాన్ని పాటించి ఉంటే క్రాస్సుస్ బతికేవాడనీ అనుకోవచ్చని రోమన్ వక్త సిసెరో రాశాడు. ఆయన స్వయంగా ఇలాంటివి నమ్మలేదు. క్రాస్సుస్ మాత్రం క్రీ.పూ. 53లో కార్రై దగ్గర ప్రాణాలు పోగొట్టుకున్నాడు. మనకు కావలసింది ఏమిటంటే, 'కవ్' అన్నది 'కౌ' లాగా వినిపించేదంటే అప్పటి 'వ' ఎంత మెత్తనిదో తెలుస్తుంది. 'అవి' అన్నది సమాసాల్లో 'ఔ'గా ఎందుకు మారిందో కూడా దీంతోనే తేలుతుంది.

రెండో అడుగు: చుట్టాలు కానివాళ్లను పక్కన పెట్టడం

అవిస్ లాగా కనిపించే మాటలు లాటిన్‌లో చాలా ఉన్నాయి. 'అవుస్' అంటే తాత. దాని నుంచి వచ్చిన 'అవుంకులుస్' అంటే మేనమామ, అదే మనం రోజూ వాడే 'అంకుల్'. 'అవిదుస్' అంటే అత్యాశ ఉన్నవాడు. 'ఆవే మరియా'లో 'ఆవే' పలకరింపు మాట. వీటిలో ఏదీ పక్షి కాదు.

పాతకాలపు పండితులు కూడా ఇక్కడ పొరబడేవారు. రోములో అవెంతీనుస్ అనే కొండ ఉంది. తీబెరిస్ నది నుంచి పక్షులు అక్కడికి వచ్చేవి కాబట్టి ఆ పేరు వచ్చిందని నైవియుస్ అనే కవి చెప్పినట్టు రోమన్ పండితుడు వర్రో రాశాడు. వర్రోయే వేరే కథలు కూడా పక్కన పెట్టాడు. ఇలాంటివి దొరికినప్పుడు పారేయకండి. మాట పుట్టుకకు అవి సాక్ష్యం కాకపోయినా, ఆ కాలం వాళ్లు ఆ మాట వింటే ఏం తలుచుకునేవారో చెబుతాయి.

మూడో అడుగు: వాడుకలో చూడడం

అన్నిటికంటే ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి. నిఘంటువులో అర్థాల కింద ఇచ్చిన ఉదాహరణ వాక్యాలు ఒక్కొక్కటీ చదవండి.

ముందు అవిస్‌కు పక్కన నిలిచే మాటలు చూడాలి. లాటిన్‌లో పక్షికి 'వొలుక్రిస్' అనే మాట ఉంది, 'ఎగిరేది' అని దాని అర్థం. 'ఆలెస్' అనే మరో మాట 'ఆలా', అంటే రెక్క, నుంచి వచ్చింది. మనకు 'పక్షి' అన్న మాట 'పక్షం', అంటే రెక్క, నుంచి వచ్చినట్టే ఇదీ. అవిస్‌కు మాత్రం లాటిన్ లోపల ఇలాంటి వివరణ దొరకదు. అది అంతకుముందు నుంచీ వస్తున్న పాత మాట. లోపల వివరణ దొరకని మాట కనిపిస్తే బయటి భాషల్లో వెతకాలని గుర్తు పెట్టుకోండి.

ఇప్పుడు వాక్యాలకు వద్దాం. రోమన్ కవి హొరాతియుస్ కవితలో, హెలెన్‌ను ఎత్తుకుపోతున్న ట్రాయ్ యువరాజు పారిస్‌తో సముద్ర దేవుడు నెరెయుస్ 'మాలా అవీ' అంటాడు. అక్షరాలా 'చెడ్డ పక్షితో'. అసలు అర్థం 'దుశ్శకునంలో ఇంటికి తీసుకుపోతున్నావు' అని. ఇక్కడ అవిస్ శకునం అయిపోయింది.

తెలుగువాళ్లకు ఇది కొత్తేమీ కాదు. సంస్కృతంలో 'శకున' అంటే మొదట పక్షే. అమరకోశంలో పక్షి పర్యాయపదాల వరుసలో శకుంతి, శకుని, శకుంత, శకున అన్నీ కనిపిస్తాయి. తర్వాత ఆ మాటే పక్షిని చూసి తెలుసుకునే సూచనకు, ఆపైన ఏ సూచనకైనా పేరైంది. దసరా నాడు పాలపిట్టను చూడడానికి ఊరి బయటికి వెళ్లే తెలంగాణ ఆచారంలో మాట పాత అర్థం, కొత్త అర్థం రెండూ ఒకేచోట ఉన్నాయి. రోము, మన దేశం ఒకరి దగ్గర ఒకరు నేర్చుకోకుండానే భాషలు ఒకే దారి తొక్కాయి. ఇలాంటి పోలిక దొరికినప్పుడు అర్థం మారిన తీరు మీద మన నమ్మకం బలపడుతుంది.

రోమన్లకు ఈ శకునం ఇంటి నమ్మకంతో ఆగలేదు, రాజ్యాంగంలో భాగమైంది. పక్షుల్ని రెండు రకాలుగా చూసేవారు. గద్ద, రాబందు లాంటివి ఎగిరే తీరును బట్టి సూచన ఇచ్చేవి. కాకి, గుడ్లగూబ లాంటివి కూతను బట్టి ఇచ్చేవి. నగరం ఎవరిదో తేల్చుకోవడానికి అన్నదమ్ములిద్దరూ కొండల మీద నిలబడితే రెముస్‌కు 6 రాబందులు, రోములుస్‌కు 12 కనిపించాయని రోమన్ చరిత్రకారుడు లీవియుస్ రాసిన కథ. ఆ తర్వాతి కాలంలో సైన్యం వెంట బోనుల్లో కోళ్లను తీసుకెళ్లేవారు. గింజలు ఆత్రంగా తింటే శుభం. క్రీ.పూ. 249లో సిసిలీ దగ్గర ద్రెపానా యుద్ధానికి ముందు ఆ కోళ్లు తినలేదు. నౌకాసేనాని క్లౌదియుస్ పుల్కెర్ 'తినకపోతే తాగనీ' అని వాటిని సముద్రంలోకి విసిరించాడట. ఆ యుద్ధంలో రోమన్లు 93 ఓడలు పోగొట్టుకున్నారు.

ఈ పని చేసేవాడి పేరు 'ఔస్పెక్స్'. విడగొడితే అవి + స్పెక్స్, పక్షిని చూసేవాడు. అతను చూసిన సూచన 'ఔస్పికియుమ్'. రెండో సగం 'స్పెకియో', అంటే 'చూస్తాను', సంస్కృతంలోని 'స్పశ్' ధాతువుకు చుట్టం. మనం రోజూ అనే 'స్పష్టం' ఆ ధాతువు నుంచే వచ్చింది.

ఇక్కడ అర్థం ఇంకో మలుపు తిరిగింది. రాజ్యం తరఫున పక్షుల్ని చూసే హక్కు అధికారంలో ఉన్న పెద్దకే ఉండేది. కింది సేనాని యుద్ధం గెలిచినా, ఆ గెలుపు ఎవరి శకున హక్కు కింద జరిగిందో వాళ్లకే చెందేది. ఔగుస్తుస్ చక్రవర్తి తన పనుల జాబితాలో, ఇథియోపియా మీదికీ అరేబియా మీదికీ రెండు సైన్యాలు వెళ్లింది తన ఆజ్ఞతో, తన ఔస్పికియుమ్‌తో అని రాయించుకున్నాడు. అలా మాటకు 'పెద్దరికం, నాయకత్వం' అన్న అర్థం వచ్చింది. ఇంగ్లీషులో 'అండర్ ది ఆస్పీసెస్' అనేది ఆ అర్థమే. దాన్ని మన పత్రికలు 'ఆధ్వర్యంలో' అని రాస్తాయి. ఆ తెలుగు మాట వెనుక ఉన్నది యజ్ఞం నడిపించే అధ్వర్యుడు. ఒక భాషలో పక్షుల్ని చూసే అధికారం, ఇంకో భాషలో యజ్ఞం చేయించే ఋత్విక్కు, చివరికి ఇద్దరూ ఒకే పనికి పేరుగా మిగిలారు. ఈ మాటల్లో నాకు అత్యంత ఇష్టమైన జంట ఇదే.

పెళ్లిళ్లలో కూడా ఔస్పెక్స్ ఉండేవాడు. సిసెరో కాలానికి పక్షుల్ని చూడడం మానేసినా పేరు మాత్రం పెళ్లిలో మిగిలింది. మన పెళ్లి కార్డుల మీద ఇంగ్లీషులో వేయించే 'ఆస్పిషస్ అకేషన్'లోని మొదటి సగం ఇదే.

ఒక హెచ్చరిక. శకునాలు వివరించే రోమన్ పూజారిని 'ఔగుర్' అనేవారు. ఇది కూడా అవిస్ నుంచే వచ్చిందని ప్రాచీనులు చెప్పారు. నేటి పండితులు చాలామంది 'ఔగెయో', అంటే వృద్ధి చేయడం, అనే క్రియ వైపు మొగ్గుతున్నారు. పని పక్షులదే అయినంత మాత్రాన మాట కూడా పక్షిదే అనుకోకూడదు.

నాలుగో అడుగు: దూరపు తోబుట్టువులు

లాటిన్, సంస్కృతం, గ్రీకు, ఆర్మేనియన్ ఒకే మూలభాష నుంచి వచ్చాయి. ఆ మూలభాష రాతలో లేదు. కాబట్టి పండితులు కట్టిన రూపాల ముందు నక్షత్రం గుర్తు పెడతారు. నక్షత్రం కనిపిస్తే అది ఎవరూ రాసింది కాదని, పోలికల నుంచి తేల్చినదని అర్థం.

అవిస్‌కు సంస్కృతంలో తోబుట్టువు 'వి'. అమరకోశంలో 'నగౌకోవాజివికిరవివిష్కిరపతత్రయః' అన్న పాదంలో ఇది ఒక్క అక్షరంగా ఇరుక్కుని ఉంటుంది. ఋగ్వేదం మొదటి మండలం 25వ సూక్తంలో వరుణుణ్ని స్తుతిస్తూ 'వేదా యో వీనాం పదమంతరిక్షేణ పతతామ్' అన్నారు. ఆకాశంలో ఎగిరే పక్షుల దారి ఎరిగినవాడు అని. ఈ 'వీనాం', పైన మనం రాసుకున్న 'అవియుమ్' రెండూ ఒకే విభక్తి, ఒకే వచనం. 'వయస్' అన్న మరో పక్షి మాట కూడా ఈ కుటుంబమే. దాని నుంచి 'వాయసం', మన కాకి.

మరి లాటిన్‌లో ఉన్న 'అ' సంస్కృతంలో ఎందుకు లేదు? మూలరూపం మొదట్లో గొంతులో పలికే ఒక హల్లు ఉండేదని పండితుల నిర్ణయం. లాటిన్ దాన్ని పోగొట్టుకుని అచ్చును ఉంచుకుంది. సంస్కృతంలో అచ్చు కూడా నిలవలేదు. ఆర్మేనియన్‌లో మాత్రం పక్షికీ కోడికీ 'హవ్' అంటారు. ఆ పాత హల్లు అక్కడ 'హ'గా మిగిలింది. గ్రీకులో గద్దను పిలిచే 'ఐయెతోస్'ను కూడా చాలామంది ఈ కుటుంబంలోనే చేరుస్తారు. వినడానికి దగ్గరగా ఉన్నాయా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. ఒక భాషలో ఒక ధ్వని పోయిందంటే, అదే స్థానంలో ఇతర మాటల్లోనూ పోయిందా అని చూడాలి. అలా నియమం నిలబడితేనే చుట్టరికం.

ఐదో అడుగు: పిల్లలు, మనవలు

లాటిన్ ముద్దుపేర్లను ఇష్టపడే భాష. 'చిన్న పక్షి' అనడానికి అవి + కెల్లా కలిసి 'ఔకెల్లా' అయింది. దాని పుంలింగ రూపం నుంచి ఇటాలియన్ 'ఉచ్చెల్లో', కాటలాన్ 'ఉసెల్', ఫ్రెంచి 'వాజో' వచ్చాయి. ఫ్లోరెన్స్ చిత్రకారుడు పావొలో ఉచ్చెల్లోకు పక్షులంటే ఉన్న ప్రేమ వల్లే ఆ పేరు పడిందని చిత్రకారుల జీవితాలు రాసిన వసారి చెప్పాడు. ఇక్కడ అసలు మాట పోయి ముద్దుపేరే పెద్దపేరైంది.

ఇంకో పాయ 'అవికా', తర్వాత 'ఔకా'. ఇంట్లో పెంచే పక్షుల్లో బాతు జాతికి చెందిన పెద్దపక్షి, మనం హంసబాతు అనేది, ఈ పేరును సొంతం చేసుకుంది. ఇటాలియన్, స్పానిష్ భాషల్లో 'ఓకా' అంటే అదే. మట్టితో చేసే 'ఒకారినా' అనే ఊదే వాయిద్యం పేరుకు అర్థం 'చిన్న ఓకా'.

స్పెయిన్‌లో మాత్రం అవెమ్ సూటిగా 'ఆవె'గా మిగిలింది. అయితే అక్కడ చిన్న పక్షులకు 'పాహరొ' అంటారు. అది 'పస్సెర్', అంటే పిచ్చుక, నుంచి వచ్చింది. మనం 'పక్షి', 'పిట్ట' మధ్య పాటించే తేడాకు ఇది చాలా దగ్గర.

ఆరో అడుగు: సమాసాల్లో దాక్కున్న రూపాలు

ఆస్ట్రిచ్, అంటే నిప్పుకోడి, అన్న మాటను విప్పి చూడండి. లాటిన్‌లో 'అవిస్ స్త్రూథియో'. రెండో మాట గ్రీకు నుంచి వచ్చింది. గ్రీకులో 'స్త్రూథోస్' అంటే పిచ్చుక, అదే మాట ఈ పెద్ద పక్షికీ వాడేవారు. స్పానిష్ 'ఆవెస్త్రూత్'లో అతుకు ఇంకా కనిపిస్తుంది, ఇంగ్లీషులో 'అవిస్' అరిగి ఒక్క అచ్చుగా మిగిలింది.

తెలుగువాళ్లకు ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. నిప్పుకోడికి మన పుస్తకాల్లో మరో పేరు ఉష్ట్రపక్షి. 'ఉష్ట్ర', 'ఆస్ట్రిచ్' వినడానికి ఒకేలా ఉన్నాయి కాబట్టి ఒకటే అనుకుంటారు. ఉష్ట్రం అంటే ఒంటె. ఉర్దూ 'శుతుర్‌ముర్గ్' కూడా ఒంటె పక్షే. గ్రీకులు కూడా దాన్ని ఒంటె పిచ్చుక అన్నారు, శాస్త్రీయ నామం 'స్ట్రుథియో కామెలస్'లో ఆ ఒంటె ఉంది. భావం ఒకటే, కానీ ఆస్ట్రిచ్‌లోని ధ్వనులకూ ఉష్ట్రానికీ సంబంధం లేదు.

బట్టమేక పక్షికి ఇంగ్లీషులో ఉన్న బస్టర్డ్ అనే పేరు కూడా ఇలాంటిదే. స్పెయిన్‌లో ఒక పక్షిని 'అవిస్ తర్దా', అంటే మందగమన పక్షి, అంటారని రోమన్ రచయిత ప్లీనియుస్ తన ప్రకృతి చరిత్ర పదో భాగంలో రాశాడు. అది స్పానిష్‌లో 'అవుతార్దా', ఫ్రెంచిలో 'ఊతార్ద్' అయింది. ఇంగ్లీషు బస్టర్డ్ కూడా పాత ఫ్రెంచి నుంచి ఆ దారినే వచ్చింది. నంద్యాల జిల్లా రోళ్లపాడు అభయారణ్యం ఏ బట్టమేక పక్షి కోసం ఏర్పడిందో, ఆ పక్షి ఇంగ్లీషు పేరులో కూడా అవిస్ ఉందన్నమాట.

ఏవియేషన్ సంగతి తేలిక. 1863లో లా లాండెల్ అనే ఫ్రెంచి రచయిత అవిస్ నుంచి ఆ మాటను తయారు చేశాడు. తర్వాత క్లెమాఁ అదేర్ తన ఎగిరే యంత్రానికి 'ఆవియోఁ' అని పేరు పెట్టాడు. ఫ్రెంచివాళ్లు ఇప్పటికీ విమానాన్ని అలాగే పిలుస్తారు.

ఏడో అడుగు: శాస్త్రీయ నామాలను వేరుగా చూడడం

స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ 1758లో పక్షుల తరగతికి 'ఏవీస్' అని పేరు పెట్టాడు, అది అవిస్ బహువచనమే. కానీ శాస్త్రీయ నామం కనిపించగానే లాటిన్ అనుకోకండి. 1816లో వియొ అనే ఫ్రెంచి పక్షి శాస్త్రవేత్త ఒక ప్రజాతికి 'పిట్టా' అని పేరు పెట్టాడు. అది మన తెలుగు 'పిట్ట'. హిందీలో నవరంగ్ అనే పక్షి శాస్త్రీయ నామం 'పిట్టా బ్రాకియూరా'. రెండో మాట గ్రీకు, పొట్టి తోక అని. రాతలో లాటిన్, పుట్టుకలో తెలుగు, గ్రీకు. అందుకే శాస్త్రీయ నామాల దగ్గర మొదట అడగాల్సింది పేరు ఎవరు, ఏ సంవత్సరంలో పెట్టారని.

చివరి అడుగు: రాసుకోవడం, తర్వాతి మాట

దొరికినదంతా మూడు రకాలుగా గుర్తు పెట్టి రాసుకోండి: రాతలో సాక్ష్యం ఉన్నవి, ధ్వని నియమాలతో తేలినవి, కథగా చెప్పుకున్నవి. ఔస్పెక్స్ మొదటి రకం, 'వి' రెండోది, అవెంతీనుస్ మూడోది. ఈ గుర్తులు లేకపోతే కొన్నాళ్లకు కథ కూడా సాక్ష్యంలా కనిపిస్తుంది.

అభ్యాసానికి 'గ్రూస్' తీసుకోండి, అంటే కొంగను పోలిన పెద్ద పక్షి, ఇంగ్లీషులో క్రేన్. గ్రీకు 'గెరనోస్'తో మొదలుపెట్టి, కుండీల్లో పెంచే జెరేనియం పువ్వుకు ఆ పేరు ఎందుకొచ్చిందో చూడండి. ఫ్రెంచిలో 'పియె ద గ్రూ', అంటే క్రేన్ పాదం, వంశవృక్షాల్లోని మూడు గీతల గుర్తు నుంచి 'పెడిగ్రీ' ఎలా అయిందో వెతకండి. సంస్కృతం మాత్రం ఈ పాత మాటను వదిలి, సరస్సులో ఉండేది కాబట్టి 'సారసం' అంది. ఇంగ్లీషు 'సారస్ క్రేన్'లో ఆ రెండూ పక్కపక్కనే ఉన్నాయి, అక్కడి నుంచి మొదలుపెట్టినా దారి దొరుకుతుంది.